గాలిని వదిలేసే సారు

తిరుపతిలో వీధికొకడైనా ఇట్లాంటి ఫిజిక్సు సారు ఉంటాడు. రిటైరయినా వేళ్లకు సుద్ద వదల్లేదు. గ్లాసు కింద పడితే ఇంట్లోవాళ్లు పగిలిందా అని చూస్తారు, ఆయన ఎంత ఎత్తునుంచి పడిందని అడుగుతాడు.

మొన్న వేసవిలో దామలచెరువు పక్కన బామ్మర్ది తోటలో మామిడి కోత. చిక్కంలోంచి జారి బెంగళూరా కాయ ఒకటి నేల కరిచింది. కూలోళ్లు 'అయ్యో' అనేలోపల సారు పుల్ల తీసుకుని మట్టిలో చుక్క పెట్టి, కిందికి బాణం గీసేశాడు. "అయిదు మీటర్ల ఎత్తు. ఒక్క సెకను. గంటకు 35 కిలోమీటర్ల వేగమమ్మా!"

"గాలి అడ్డం రాదా తాతా?" అన్నాడు ఇంటరు చదివే మనవడు.

"గాలి నిరోధం వదిలెయ్ నాయనా."

మామిడికాయ వరకు ఆ మాట న్యాయమే. బరువైన కాయ, కొద్దిపాటి ఎత్తు, అక్కడ గాలి చేసేదేమీ లేదు. అయితే సారు వానక్కూడా ఇదే లెక్క కడతాడు. కిలోమీటరున్నర పైనుంచి పడే చినుకు ఆయన కాగితం మీద గంటకు 600 కిలోమీటర్లు దాటిపోతుంది. అదే నిజమైతే గొడుగులెందుకు, మనుషులే మిగలరు. ఎంత పెద్ద చినుకైనా గాలి పట్టి ఆపడం వల్ల సెకనుకు 9 మీటర్ల దగ్గరే నిలకడ పడుతుంది. దాన్నే చరమ వేగం అంటారు. ఆయనకు తెలీదా? ఏళ్ల తరబడి ఆయనే చెప్పాడు. అడిగితే మాత్రం, "అది ప్రవాహుల చాప్టరు. దాన్ని ఇక్కడికి తేకూడదు" అంటాడు.

ఆటో చార్జీ, భార్య చెప్పిన సరుకుల పట్టీ కూడా ఆయన 'వదిలెయ్' అనేవాటిలోనే ఉంటాయి.

2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగన్‌యాన్ పరీక్ష. టీవీ ముందు సారు కాగితంతో సిద్ధం. దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తులో విడివడిన మాడ్యూలు సముద్రాన్ని తాకేసరికి సెకనుకు 577 మీటర్ల వేగం ఉండాలని తేల్చాడు. పారాచూట్లు విచ్చుకున్నాయి. అది తాపీగా బంగాళాఖాతంలో దిగింది. సారు కాగితం మడిచి, కాఫీ అడిగాడు.

తలకోనలోనూ అంతే. 270 అడుగుల జలపాతం చూడగానే బండమీద కూర్చుని, "నాలుగు సెకన్లు, గంటకు 144! నెత్తిన పడితే ఇంకేమన్నా ఉందా?" అని కేకలు. అప్పటికే ఆయన భార్య, కోడలు, చంటిపిల్లతో సహా, నీళ్లకింద తడిసి ముద్దయి నవ్వుతా ఉన్నారు.

"మీ లెక్క తెగేలోగా బస్సు పోతుంది, రాండి!" అందావిడ.

సారు చొక్కా విప్పి, మెల్లగా ధార కిందికి జరిగాడు. నోట్లోకి పోయిన నీళ్లు ఊసి, మనవడివైపు తిరిగి అరిచాడు: "ఇది ప్రవాహుల చాప్టరు రా!"