పెద్ద చేపకు పెద్ద రాయితీ

పెద్దవాళ్ళకో రూలు, చిన్నవాళ్ళకో రూలు అని ఊరికే గవర్నమెంటును ఆడిపోసుకుంటాం. సముద్రంలోనూ అంతే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ వారు 2018లో చేపల్లో మిథైల్ మెర్క్యురీ అనే పాదరసం ఎంతవరకు ఉండొచ్చో ఖరారు చేశారు. కిలో ట్యూనాలో 1.2 మిల్లీగ్రాములు, సొరలో 1.6, మార్లిన్‌లో 1.7. ఎవరి ఒంట్లో పాదరసం ఎక్కువో వాళ్ళకే పరిమితీ ఎక్కువ. పాపం, ఏళ్ళ తరబడి చిన్న చేపల్ని మింగి కూడబెట్టుకున్న ఆస్తి, జప్తు చేయడానికి మనసెలా ఒప్పుతుంది? నెత్తళ్ళ పేరు ఆ జాబితాలోనే లేదు. ఏమీ లేనివాళ్ళకు రాయితీ దేనికి!

తినేవాళ్ళ లెక్క వేరే ఫైల్లో ఉంది. మనిషి బరువులో కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాములు దాటకూడదని 2003లో నిపుణుల కమిటీ తేల్చింది. కమిటీకీ కోడెక్స్‌కీ కన్నవారు ఒకరే: ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ. అన్నదమ్ములు మాట్లాడుకున్నారో లేదో గానీ లెక్క ఇలా తేలుతుంది. 50 కిలోల బాలింతకు వారానికి 80 మైక్రోగ్రాములు. నిబంధన ఒక్క పిసరు కూడా మీరని సొర 50 గ్రాములు తింటే వారం కోటా ఖాళీ.

మన కోస్తాలో సొరను ఉడికించి, గరుకు తోలు ఒలిచి, నీళ్ళు పిండి, పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయిస్తారు. "తినవే, పిల్లాడికి పాలు పడతాయి" అంటూ అమ్మమ్మ సొరపుట్టు మారు వడ్డిస్తుంది. 50 గ్రాములంటే ఆవిడ ఉప్పు చూడ్డానికి నోట్లో వేసుకునేంత. పిండితే పోయేది నీళ్ళే. పాదరసం కండను పట్టుకుని కదలదు.

అదే అమ్మాయి పురుడు డాలస్‌లో అయితే, అక్కడి పర్యావరణ సంస్థ లెక్కన ఆ 50 గ్రాములు 22కి పడిపోతాయి. ఆహార శాఖ అయితే బాలింతలు సొర జోలికే పోవద్దంటుంది.

ప్రతి సొరలోనూ పరిమితి నిండా ఉంటుందని కాదు. పాలసొర చిన్నది, దాంట్లో తక్కువే ఉండొచ్చు. ఎంతో తెలియాలంటే కొలవాలి. చేపల బజారులో కొలిచేది తూకం ఒక్కటే, అదీ మనం గట్టిగా అడిగితే.

ఆడవాళ్ళకు, పసిపిల్లలకు సలహా ఇచ్చే సంగతి ఆయా దేశాలు చూసుకోవాలని కోడెక్స్ వారు అడుగున ఓ గమనిక పడేశారు. సలహాలకు మనకేం కొదవ? బుట్ట దించుతూనే చేపలామె ఉచితంగా ఇచ్చేస్తుంది: "పాలసొరమ్మా, బాలింతకు మందులాంటిది. మీ అమ్మాయి కోసమని దాచి తెచ్చాను."