ముందుకు తొయ్యకండర్రా!

మా రోజుల్లో డిసెంబరు వచ్చిందంటే స్వెట్టర్లు తొడుక్కుని, బస్సెక్కి, బెంగళూరు దండుకు పోయేవాళ్ళం ఇంగ్లీషు బొమ్మలకి. 1936 నాటి ప్లాజా హాలు మెట్రో కోసం నేలమట్టమైంది. రెక్స్ 2018 ఆఖర్లో మూతపడింది, అదీ బ్రిగేడ్ రోడ్డులో క్రిస్మస్ దీపాలు ఇంకా తియ్యకుండానే. ఇప్పుడు మాల్లో టికెట్టు కంటే పాప్‌కార్న్‌కే ఎక్కువ పొయ్యాలి.

సరే, హాళ్ళు పోతే పోయాయి, చూడ్డం కూడా పోవాలా? మొన్న మా మనవడు నా మాట మీద ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ పెట్టాడు. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన బొమ్మ. ఫోన్లో! వేలితో పదేసి సెకన్లు ముందుకు తోసుకుంటూ, "క్రిస్మస్ సినిమా అన్నావు, ఇంతసేపైనా క్రిస్మస్ రాలేదేం తాతయ్యా?" అంటాడు. ఎలా వస్తుందిరా? ముందు ఆ జార్జ్ బెయిలీ ఎవరో తెలియొద్దూ! మన చిట్టీల కంపెనీ లాంటిదొకటి నడుపుతుంటాడు. దేశాలు తిరగాలని ఆశ, తండ్రి పోయాడు, ప్రయాణం ఆగింది. చదువుకు తమ్ముణ్ణి పంపి తను ఉండిపోయాడు. పెళ్ళినాడే జనం డబ్బు కోసం ఎగబడితే హనీమూన్‌కి దాచుకున్నది పంచిపెట్టాడు. ఇవన్నీ తీరిగ్గా చూసినవాడికే, 8 వేల డాలర్లు పోయి అతను వంతెన మీద నిలబడ్డప్పుడు గుండె జారేది. ఆఖర్న ఊరంతా డబ్బు తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తే ఏడుపు ఆగనిది. తోసుకుంటూ వచ్చినవాడికి అక్కడ కనపడేవి బల్లా, నోట్లూ.

ఆ బొమ్మలో కురిసే మంచేమో కాలిఫోర్నియా ఎండల్లో పుట్టింది! అంతకుముందు స్టూడియోల్లో రంగేసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవారట, కాళ్ళకింద కరకరలాడి మాటలు వినపడనిచ్చేవి కావు. కాప్రా మనుషులు మంటలార్పే నురుగుతో చప్పుడు చెయ్యని మంచు తయారుచేశారు. అకాడమీ వాళ్ళే మెచ్చి బహుమతిచ్చారు. అంత కష్టపడి తీసిన నలుపు తెలుపు బొమ్మకి 1980ల్లో రంగులు పూశారు, జార్జ్ పాత్ర వేసిన జేమ్స్ స్టివార్ట్ వద్దని మొత్తుకున్నా సరే!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. హాళ్ళలో అది మొదట అంతగా ఆడలేదు. 1974లో ఎవరూ హక్కులు పొడిగించుకోకపోతే, అమెరికా టీవీల వాళ్ళు ఉచితంగా దొరికింది కదా అని ప్రతి డిసెంబరూ వేసి వేసి బతికించారు. చిన్న తెరకి ఆ పుణ్యం దక్కాల్సిందే. కానీ ఆ టీవీలో ముందుకు తోసే వీలు లేదర్రా!

ఈసారి క్రిస్మస్‌కి మా ఇంటికి రండి, నలుపు తెలుపులోనే వేస్తాను. కాఫీ విశ్రాంతిలో. ఫోన్లు చెప్పుల పక్కన పెట్టి రావాలి.