తప్పంతా చెట్టుదే!

అక్టోబరు వచ్చిందంటే చాలు, బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టకముందే మా వీధిలో చెట్ల మీద అనుమానం పుడుతుంది. విశాఖ వాళ్లం కదా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి పచ్చదనాన్నంతా పడుకోబెట్టి మరీ పాఠం చెప్పింది. అదీ బాగానే వంటబట్టింది: చెట్టు కూలితే తప్పు చెట్టుదే.

నిజానికి మా సన్నాహాలు ఏడాది పొడవునా సాగుతాయి. ముందుగా మొదలు చుట్టూ సిమెంటు. ఆకులు ఊడ్చే బాధ తప్పుతుంది, కారుకు చోటొస్తుంది, పైగా ఆ బిగింపుకు చెట్టు కదలనే కదలదని మేస్త్రీ హామీ. ఆ తర్వాత నీళ్ల పైపుకని ఒకరు, డ్రైనేజీకని ఒకరు, ఇంటర్నెట్ తీగకని ఇంకొకరు తవ్వుతారు. చెట్టును నిలబెట్టే వేళ్లు లోతుకన్నా పక్కలకే ఎక్కువ పాకుతాయట. పాకమని ఎవరు చెప్పారు? గునపానికి అడ్డొచ్చాయి, తెగాయి. పైన కరెంటు తీగల వైపు కొమ్మలన్నీ కొట్టేస్తారు గనక బరువంతా మా ప్రహరీ వైపే. ఇక ట్యూషన్ బోర్డు, టూలెట్ బోర్డు, పళ్ల డాక్టరు బోర్డు... మేకుల దన్ను ఎలాగూ ఉంది.

ఎండుకొమ్మలు తీసేయండి, పంగల్లో పగుళ్లు చూసుకోండి, గుబురు కాస్త పలచన చేస్తే గాలి దూరిపోతుంది, కొబ్బరికి ఎండుమట్టలూ ముదురు కాయలూ దింపితే చాలు అన్నాడో తోటమాలి. అదీ వానలకు ముందే చేయాలట! తుపాను పేరు టీవీలో వినకుండా కత్తి పట్టే అలవాటు మాకు లేదు. పేరు వినగానే వేపచెట్టు తల నరికించాం. ఆ మొండెం నుంచి గుత్తులుగా చిగుళ్లొస్తాయి, పట్టులేని కొమ్మలవుతాయి, మళ్లీ నరికించొచ్చు. కొట్టేవాడికీ ఏటా పని.

పక్కింటాయన తన చెట్టును మొదలంటా లేపేద్దామనుకుంటే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలన్నారు. అర్జీలో ఏం రాయాలని తల పట్టుకున్నాడు. వేళ్లకు ఊపిరాడకుండా సిమెంటు పోయడానికి మాత్రం అర్జీ అక్కర్లేదు. ఆయన కష్టం ఒక్క గాలివానతో తీరింది. చెట్టు పడిన గొయ్యి పూడ్చి కాంక్రీటు వేయించాడు. ఇప్పుడు రెండో కారు బేరమాడుతున్నాడు.