ఎడమకాలి ఆత్మగౌరవం

రాణిగంజ్‌లో దొరకని స్పేర్ పార్టు లేదని సికింద్రాబాదులో గట్టి నమ్మకం. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, అరిగిపోయిన ముక్కను జేబులోంచి తీసి చూపిస్తే చాలు, కౌంటరు వెనక కుర్రాడు అటకెక్కి అలాంటిదే పట్టుకొస్తాడు. ఆ బజారుకు ఓ పెద్దమనిషి వచ్చాడనుకుందాం. మెరిసిపోతున్న ఆటోమేటిక్ పికప్‌ను సగం రోడ్డు మీద, సగం కాలువ మీద నిలబెట్టాడనుకుందాం.

"ఉస్తాద్, దీని గేర్‌బాక్స్ దించేసి మాన్యువల్ ఎక్కించాలె."

"ఖరాబైందా సాబ్?"

"లేదు, మస్తుగ నడుస్తది."

"మరి?"

"కంట్రోల్ లేదు."

ఉస్తాద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. ముప్పయ్యేళ్లుగా బండ్లు విప్పుతున్నాడు గానీ, బాగున్న గేర్‌బాక్సును బాగుందన్న నేరానికి దించమన్నవాణ్ణి చూడటం ఇదే మొదలు.

'కంట్రోల్' అన్న ఒక్క మాట మీద నిలబడ్డ మతం ఇది. ఆటోమేటిక్‌లో బండి మనిషిని నడుపుతుందట, మాన్యువల్‌లో మనిషి బండిని నడుపుతాడట. సాయంత్రం ఆరున్నరకు ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ దాకా వెళ్తే ఈ సిద్ధాంతం నిగ్గు తేలుతుంది. క్లచ్ తొక్కు, ఫస్టు వెయ్యి, రెండు గజాలు జరుగు, బ్రేకు, న్యూట్రల్. మళ్లీ క్లచ్. ఆ రోడ్డు మీద అన్ని బండ్ల కంట్రోలూ అందరికన్నా ముందు అడ్డంగా ఆగిన ఆటోవాడి చేతిలో ఉంటుంది. వెనకున్న పెద్దమనుషులకు దక్కేది మోకాలి నొప్పే.

అసలు ఈ దేశంలో మాన్యువల్ పికప్‌కు కరువొచ్చిందా? టయోటా హైలక్స్ 2022 మార్చిలో ఇక్కడి ధరలు ప్రకటించినప్పుడు, 'హై' రకంలో మాన్యువల్ 35.80 లక్షలు, ఆటోమేటిక్ 36.80 లక్షలు, ఎక్స్ షోరూమ్. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ కూడా రెండు రకాలుగానూ వస్తుంది. అంటే షోరూములో లక్ష తగ్గించి ఇస్తామన్న సరుకును కాదని, లక్ష ఎక్కువ పెట్టి వేరేది కొని, దాన్ని మొదటి సరుకుగా మార్చడానికి ఇంకొన్ని లక్షలు ధారపోయడమన్నమాట. హోటల్లో ఇడ్లీ కొని, ఇంటికెళ్లి మిక్సీలో వేసి, మళ్లీ పిండి చేసుకున్నట్టు.

అమెరికావాడు ఈ పని చేస్తే ఓ అర్థముంది. అక్కడ ఫోర్డ్ ఎఫ్-150లో మాన్యువల్ 2008 మోడల్‌తోనే పోయింది. పెద్ద పికప్‌లలో చివరిదాకా నిలబడ్డ ర్యామ్ కూడా 2018 మోడల్‌తో సెలవు చెప్పింది. కొనడానికి దొరకదు గనక వాళ్లు కోసి అతికించుకుంటున్నారు. డాలస్‌లో ఉన్న బావమరిది వీడియో పంపితే దాన్ని చూసి రాణిగంజ్‌కు పరిగెత్తడం మాత్రం, పక్కూళ్లో కరువని విని మన బావి పూడ్చుకోవడమే.

సరే, మగతనం సంగతికొద్దాం, ఎందుకంటే 'కంట్రోల్' అనే మాట వెనక నక్కి ఉన్నది అదే. గేరు రాడ్డు పట్టుకుంటేనే మగాడు, ఆటోమేటిక్ ఆడవాళ్ల బండి అని సెల్లారు పార్కింగులో నడిచే చర్చలు అందరూ విన్నవే. హైలక్స్‌లో రెండు రకాలకూ ఇంజన్ ఒకటే, 2.8 లీటర్ల డీజిల్, 204 హార్స్‌పవర్. కానీ టార్క్, అంటే బరువును లాగే దమ్ము, మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 500. ఎనభై తక్కువ! కండలు చూపించాలని బయల్దేరినవాడు ముందు కండలు కోయించుకుంటున్నాడు. పోనీ, ఆ ఆటోమేటిక్ ఇంజన్ కంప్యూటర్ను అలాగే ఉంచేస్తే? అది తన అలవాటు ప్రకారం 500 తోస్తుంది. మాన్యువల్ గేర్‌బాక్సుకు కంపెనీ గీసిన గీత 420. మధ్యలో నలిగేది క్లచ్ ప్లేటు. గేర్లు స్వయంగా మార్చుకోవాలన్న దురద మరీ ఉంటే ఆటోమేటిక్‌లోనే లివరును 'ఎస్'లో పెట్టి ప్లస్, మైనస్ అని నెట్టుకోవచ్చు. అందులో ఎడమకాలికి పనుండదు. బాధంతా అక్కడే.

ఇక పని ఎలా సాగుతుందో చూద్దాం. పాత గేర్‌బాక్సుతో పాటు నూనె నిండిన టార్క్ కన్వర్టరు దిగుతుంది, దాన్ని పట్టుకునే పల్చటి ఫ్లెక్స్ ప్లేటూ దిగుతుంది. ఆ చోట బరువైన ఫ్లైవీల్ కావాలి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైన మాస్టర్ సిలిండరు, కింద స్లేవ్ సిలిండరు, మూడో పెడలు, దాని బ్రాకెట్టు కావాలి. కొత్త గేర్‌బాక్సు పొడవు తేడా వస్తే కింద క్రాస్ మెంబరుకు కొత్త బోల్టు కన్నాలు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు కోత, అతుకు, బ్యాలెన్సింగు. ఫోర్ బై ఫోర్ అయితే ట్రాన్స్‌ఫర్ కేసు గొడవ అదనం.

ఇవన్నీ బిగించి తాళం తిప్పితే బండి స్టార్టవదు. లివరు 'పి'లో గానీ 'ఎన్'లో గానీ ఉందని స్విచ్ చెబితే తప్ప ఆటోమేటిక్ బండి కంప్యూటరు స్టార్టరుకు కరెంటు వదలదు. లివరే లేదు, స్విచ్ ఎక్కడిది? అప్పుడు ఉస్తాద్ డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, సెల్‌ఫోను లైటు పళ్లతో పట్టుకుని, రెండు వైర్ల తోలు గీరి మెలిపెట్టి నల్లటేపు చుడతాడు. బండికి ఆ క్షణం నుంచి తానెప్పుడూ న్యూట్రల్లోనే ఉన్నానని భ్రమ. హైవే మీద ఐదో గేరులో వందకు పోతున్నా మీటరులో 'ఎన్' అనే వెలుగుతుంటుంది. గేరులో ఉండగా తాళం తిప్పితే ఎదుటి గోడను ముద్దాడుతుంది. ఇదీ సంపాదించిన కంట్రోలు.

చట్టం సంగతి వీళ్ల చెవిన వేస్తే, "ఎవడు చూస్తడు భయ్?" అంటారు. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అంటోంది. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ట్రాఫిక్ కానిస్టేబుల్ కిందికి వంగి గేర్‌బాక్స్ చూడడన్నది నిజమే. యాక్సిడెంటు జరిగిన మర్నాడు ఇన్సూరెన్స్ సర్వేయరు మాత్రం వంగే చూస్తాడు.

ఈ ఊరికి గేరు బండ్లంటే ఏమిటో తెలియక కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆనాటి ఆల్బియన్ బస్సు తోలడమంటే ప్రతి గేరుకూ క్లచ్ రెండుసార్లు తొక్కడం, శబ్దం విని పళ్లు కలపడం. పళ్లు వాటంతటవే కుదురుకునే సింక్రోమెష్‌ను కాడిలాక్ 1928లోనే తెచ్చినా, ఇక్కడి బస్సు డ్రైవర్లకు అది అందడానికి చాలా ఏళ్లు పట్టింది. వాళ్లలో ఏ ఒక్కడైనా ఇవాళ లేచొచ్చి ఈ పెద్దమనిషి మాన్యువల్‌ను చూస్తే, "ఇదీ ఆటోమేటికే గద బిడ్డా" అని నవ్విపోతాడు. నిజంగా కంట్రోలే మోక్షమైతే ముందు సెల్ఫ్ స్టార్టరు పీకి హ్యాండిల్ కొట్టాలి కదా. 2019 మార్చిలో అదే సంస్థ వారసులు ఎయిర్‌పోర్టు దారిలో 40 ఎలక్ట్రిక్ బస్సులు దింపారు. వాటిలో క్లచ్ లేదు. ఆ డ్రైవర్లు ఆత్మగౌరవం పోయిందని సమ్మె చేసినట్టు ఎక్కడా వార్త రాలేదు.

ఒక్క కేసులో మాత్రం ఈ మార్పిడిని ఎగతాళి చెయ్యలేం. వారంటీ దాటిన పాత బండిలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చచ్చి, దాని రిపేరు ఖర్చు బండి ఖరీదును అందుకున్నప్పుడు, దొరికిన మాన్యువల్ ఎక్కించి కూరగాయలు తోలుకునేవాడికి దండం పెట్టాలి. బ్యాటరీ పడుకుంటే మాన్యువల్‌ను నలుగురు తోసి స్టార్ట్ చెయ్యొచ్చు, అదీ ఒప్పుకోవాల్సిందే. మన పెద్దమనిషి బండిని తోయడానికి నలుగురు కాదు, పదిమంది కావాలి.

ఏమైతేనేం, పనైంది. మూడు నెలలు తిరిగాడు. తిరుమలగిరి నుంచి క్లాక్ టవర్ దాకా రోజూ గేర్లు మార్చి మార్చి ఎడమ మోకాలు వాచింది. ఎముకల డాక్టరు క్లచ్ తొక్కొద్దన్నాడు. ఇప్పుడు నెల జీతం మీద డ్రైవరున్నాడు, జనగామ కుర్రాడు. పెద్దమనిషి వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంటాడు. మొన్న ప్యాట్నీ సిగ్నల్ దగ్గర నాలుగోసారి ఎర్రలైటు పడ్డాక, కుర్రాడు మీటరులో వెలుగుతున్న 'ఎన్' వంక ఓసారి చూసి, అద్దంలోంచి సారు వంక చూసి అడిగాడు.

"సార్, గీ బండిల ఆటోమేటిక్ గూడ వస్తదట గద. గది తీస్కోకపోయిన్రా?"