కొండని గొయ్యి చేసే చదువు

రిమోట్ సెన్సింగ్ శిక్షణలో మొదటి పాఠం, కళ్లని నమ్మొద్దని. రెండో పాఠం నుంచి పని మళ్లీ ఆ కళ్లతోనే.

తెర మీద ఉపగ్రహం తీసిన కోనసీమ చిత్రం పెట్టారు. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎర్రగా మండిపోతోంది. అమలాపురం కుర్రాడు గుండె పట్టుకున్నాడు. "కంగారు పడకయ్యా, అవి మీ కొబ్బరితోటలే" అన్నారు మాస్టారు. ఆరోగ్యంగా ఉన్న ఆకు, మన కంటికి ఆనని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుందట. తెరకున్నవేమో మూడే రంగులు. అందుకని పరారుణాన్ని ఎరుపులో కూర్చోబెట్టి, ఎరుపుని ఆకుపచ్చలోకీ, ఆకుపచ్చని నీలంలోకీ జరిపారు. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషరోటి గారి బృందం కేరళలో కొబ్బరి తెగులుని పట్టుకున్నదీ హెలికాప్టర్ నుంచి తీసిన పరారుణ ఫోటోలతోనే. మన దేశంలో ఈ శాస్త్రానికి నిజంగానే కొబ్బరికాయతో ప్రారంభోత్సవం జరిగిందన్నమాట.

ఛాయ, ఆకారం, సైజు, అమరిక, నీడ, చుట్టుపక్కల ఏమున్నాయి... వీటిని బట్టి బొమ్మని చదవాలి. మా పక్కింటి పిన్నిగారికి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. ఎదురింటి గుమ్మంలో చెప్పుల జతలు చూసి "పెళ్లిచూపులు" అంటారు. అరగంటకి మళ్లీ తొంగిచూసి "కుదర్లేదు" అంటారు. వేరువేరు తేదీల చిత్రాలు పోల్చడమంటే ఇదేనని మా పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పింది.

ఆ పద్ధతిలోనే కొల్లేరు చూశాను. నల్లటి దీర్ఘచతురస్రాలు చేపల చెరువులు. దేవుడు స్కేలు పెట్టి చెరువులు గీయడు కదా! అసలు సరస్సులో మాత్రం ఎర్రటి మచ్చలు. గుర్రపుడెక్క!

నల్లమల దగ్గర బుర్ర తిరిగింది. ఈ ఉపగ్రహాలు పొద్దున్న పదిన్నర ప్రాంతంలో వస్తాయి. ఎండ ఆగ్నేయం నుంచి, అంటే బొమ్మలో కిందివైపు నుంచి; నీడ వాయవ్యానికి. మన కన్నేమో వెలుగు పైనుంచే పడుతుందని మొండికేస్తుంది. దాంతో కొండలు గోతులై, కృష్ణమ్మ గట్టెక్కి నడుస్తుంది. బొమ్మని తలకిందులు చేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి. వాస్తుదోషానికి కూడా ఇంత చవక పరిహారం లేదు.

ఇంతా చేసి, ఆ ఎరుపు వరో అరటో తేల్చుకోడానికి జీపేసుకుని పొలాలకే పోవాలి. గట్టు మీద ఓ రైతు ఆపాడు.

"పైనుంచి మా చేను కనపడుద్దాండీ?"

"కనపడుతుందండీ."

"ఏం పంటో?"

"అది మీరు చెబితేనండీ..."

"పోన్లెండి. ఈ పక్కోడు నా గట్టు జానెడు తినేశాడు. ఆ ఫోటో ఇప్పించండి, కోర్టులో పడేస్తా."

ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాకి ఒక్క చుక్కంటే 23.5 మీటర్ల చదరం. మన లెక్కలో 13 సెంట్ల పైమాటే. ఆయనా, పక్కోడూ, గట్టూ, మా జీపూ అన్నీ అందులోనే.

"జానెడు కనపడదండీ. ఓ 13 సెంట్లు తింటేగానీ..."

"అయితే అందాకా ఆగమంటారేంటండీ?"