నోరు కట్టుకో... ఇంగొకటి ఏసుకో!

ఆదోని, ఎమ్మిగనూరు పక్క లావుకు ఒకటే మందు: ‘నోరు కట్టుకో’. పైసా ఖర్చు లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు, చెప్పేవాడికి అనుభవం అంతకన్నా అక్కర్లేదు. పత్తి మండీలో దలాలీ చేసే పెద్దాయన మొదలు బంతిలో పక్క ఆకు ముందు కూర్చున్న చుట్టం దాకా అందరూ ఇదే రాసిస్తారు. రాసిచ్చిన ఆ నోటితోనే ఓళిగల తట్ట పట్టుకున్న పిల్లోణ్ణి కేకేస్తారు: “ఒరేయ్, మామకు ఇంగొకటి ఎయ్‌రా! నెయ్యి కూడా పొయ్యి!” వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే నెయ్యి చేతి మీద పడుతుంది. ‘చాలు’ అంటే మొహమాటపడుతున్నాడని, ‘నిజంగా చాలు’ అంటే వంట బాగలేదని అర్థం. తినకుండా లేస్తే ఆడపెళ్లివారికి అవమానం. తిని లేస్తే వెనక నుంచి ఒక గొంతు: “ఆ పొట్ట చూడు. కొంచెం నోరు కట్టుకోకూడదా?”

ఈ వైద్యులకు ఈమధ్య పోటీ వచ్చింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే మందులు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. 2026 మార్చితో వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ అనే మందు పేటెంటు గడువు కూడా తీరింది. వారానికి ఒక సూది. అంతే, మనవాళ్ల పౌరుషం పొడుచుకొచ్చింది. సూది ఏసుకుని తగ్గేది కూడా ఒక తగ్గేదేనా, సోమరితనం కాకపోతే! ఈ మాట అన్నాయన రోజూ పొద్దున బీపీ మాత్ర మింగుతాడు. ఊరుగాయ మానేసి, ఒట్టి నిగ్రహంతోనే రక్తపోటు దించుకోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు పాపం.

నోరు కట్టుకోవడం ఎట్లా పనిచేస్తుందో నిజంగా చూసినవాళ్లున్నారు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు లావుగా ఉన్న 50 మందికి పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టారు. బరువు తగ్గింది. ఏడాది తర్వాత పరీక్షిస్తే ఆకలి పుట్టించే హార్మోను ఇంకా పెరిగే ఉంది, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా తగ్గే ఉన్నాయి. పోయిన బరువు వసూలు చేసుకునేదాకా ఒళ్లు అప్పిచ్చినోడి మాదిరి వాకిట్లోనే కూర్చుంటుందన్నమాట.

తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను పుట్టి, నిమిషాల్లోనే విరిగిపోతుంది. సెమాగ్లుటైడ్ దానికి నకలే గానీ వారం నిలుస్తుంది. కడుపును మెల్లగా ఖాళీ చేయిస్తుంది, చాలన్న కబురు మెదడుకు చేరవేస్తుంది. ఒక పెద్ద అధ్యయనంలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. ఇంతా చేసి మెదడుకు వినిపించిన ఆ మాట బంతికి మాత్రం వినపడదు. ఓళిగల తట్టను ఆపే సూది ఇంకా రాలేదు.

సూది వేసుకునేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? “నిన్నంతా రెండు బిస్కట్లతోనే ఉన్నా” అని ఏకాదశి ఉపవాసం మాదిరి చెప్పుకునేవాళ్లున్నారు. అట్లా ఉంటే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. పట్టేదే నాలుగు ముద్దలైనప్పుడు ఆ నాలుగింట్లో పప్పు, గుడ్డు, పెరుగు ముందుండాలి. జొన్నరొట్టె సగం చాలు, పక్కన పప్పు మాత్రం దండిగా ఉండాలి. ఉగ్గాని తినొచ్చు, బజ్జి కూడా ఒకటి కొరకొచ్చు, పాపమేమీ లేదు. నాలుగు లాగిస్తే ఆ నూనె కడుపులోంచి కదలక రాత్రంతా వికారంతో బుద్ధి చెబుతుంది. ఇక కూతురి పెళ్లి దాకా రెండు నెలలు వేసుకుని ఆపేస్తామనే తెలివిమంతులకు ఇంకో లెక్క: ఆ 68 వారాల అధ్యయనంలోనే మందు ఆపినవాళ్లకు ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. పెళ్లి ఆల్బం వచ్చేటప్పటికి పాత కొలతల జాకెట్లు మళ్లీ పనికొస్తాయి.

పోనీ, డాక్టరు చెప్పినట్టే నడిచి, నిదానంగా తిని, నిజంగానే పన్నెండు కిలోలు తగ్గారనుకోండి. బజారులో స్వాగతం ఇట్లా ఉంటుంది: “ఏమప్పా, ఇంత చిక్కిపోయినావు? షుగరా? ఇంట్లో బువ్వ పెట్టడం లేదా?” నిన్నటిదాకా పొట్టను చూసి నవ్వినాయనే ఈరోజు బుగ్గలు పోయాయని బాధపడతాడు. మనదగ్గర ఒళ్లు చేయడం తప్పే, చిక్కడం కూడా తప్పే. సరైన బరువేదో చెప్పమంటే మాత్రం చుట్టం కాఫీ తాగి లేచిపోతాడు.

ఈ మర్యాదలన్నీ మనిషిని చూసి పుడతాయి లెండి. కోసిగి పక్క పల్లెల్లో ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లతో గుంటూరు మిరప కోతకు సుగ్గికి పోయేవాళ్లున్నారు. ‘ఇంగొకటి ఏసుకో’ అని వాళ్లనెవరూ బతిమాలిన దాఖలా లేదు. కొసరి కొసరి వడ్డించే చెయ్యి ఎప్పుడూ కడుపు నిండినవాడి ఆకు మీదకే పోతుంది.

కాబట్టి నాదొక విన్నపం. పుష్య పౌర్ణమికి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర వస్తుంది, ఇంటి నిండా చుట్టాలొస్తారు. వాళ్లలో ఒకరు ఒక ఓళిగతో ఆపి ‘చాలు’ అంటే నమ్మండి. సూదా, షుగరా, మొక్కుబడా అని ఆరా తీయకుండా తట్టను పక్కాకు దగ్గరికి జరపండి. మనసొప్పకపోతే ఆ మిగిలిన ఓళిగ మీరే నెయ్యేసుకుని తినండి. షుగరు మాత్రలు ఆదోనిలో ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి.