పెన్‌డ్రైవే మన నెట్‌వర్కు

మాఘమాసపు ముహూర్తాల ముందు విజయవాడలోనో వరంగల్‌లోనో ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. మూలన విండోస్ ఎక్స్‌పీ పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని తీసేద్దామంటే యజమాని ఒప్పుకోడు. పేజ్‌మేకరూ అను ఫాంట్లూ అందులోనే ఉన్నాయి, ఇన్నేళ్ల శుభలేఖల మ్యాటరంతా అందులోనే ఉంది. పక్కన జీఎస్టీ బిల్లుల కోసం కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్. డిజైన్లు చేసే కుర్రాడు తెచ్చుకున్న మ్యాక్. లైసెన్సు ఖర్చు కలిసొస్తుందని ఎవరో ఉబుంటు ఎక్కించిపోయిన ఇంకో పెట్టె, ఫైళ్లు దాచుకోవడానికి. అన్నిటికీ ఒకటే రౌటర్, ఒకటే ప్రింటర్.

మ్యాక్‌లో తయారైన శుభలేఖ ప్రింటర్ తగిలించి ఉన్న ల్యాప్‌టాప్‌కు చేరాలి. మధ్య దూరం మూడడుగులు. కుర్రాడు వాట్సాప్‌లో పంపిస్తాడు.

"బాబాయ్, పంపా, చూడు."

"వచ్చిందిరా. వినాయకుడు మసకేశాడేంటి?"

"ఫొటోలా పంపా. ఉండు, డాక్యుమెంట్‌లా పంపుతా."

ఎక్కడి సర్వర్‌కో వెళ్లి, వాట్సాప్ వెబ్ గుండా ల్యాప్‌టాప్‌లోకి జారి, చివరికి ఆ వినాయకుడు ప్రింటర్‌ను చేరుకుంటాడు. ఫైలు మరీ పెద్దదైతే పెన్‌డ్రైవ్. దాంతోపాటు పక్క షాపు వైరస్ కూడా ఉచితంగా వస్తుంది.

షేరింగ్ అనే సదుపాయం లేక కాదండీ ఈ తిప్పలు. అది కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. కుర్రాడు ల్యాప్‌టాప్ నుంచి ఉబుంటు పెట్టెలోని ఫోల్డర్ తెరవబోతాడు. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా అందరికీ తెరిచిపెట్టిన ఫోల్డరే అది. విండోస్ వారు వినయంగా ఒక కాగితం చూపిస్తారు: మీ సంస్థ భద్రతా విధానాలు గుర్తింపు లేని అతిథి ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి కనుక ఈ ఫోల్డర్‌లోకి వెళ్లలేరు అని.

యజమాని అద్దాలు సవరించుకుని చదువుతాడు. "ఏ సంస్థరా? మన సంస్థకు ఓనర్ని నేనేగా? నేనెప్పుడు పెట్టాను ఈ పాలసీ?"

పెట్టలేదు బాబాయ్. ఆ విధానం మైక్రోసాఫ్ట్ వారిది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో, ప్రో ఎడిషన్‌కు కూడా, అతిథి ప్రవేశం మూసేశారు. మూసింది వారు, సంతకం మాత్రం మీది. మీ పేరు మీద మీకే వద్దని చెప్పి, పైగా ఇంకో సందేశంలో అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించమంటారు. సంప్రదించుకోండి, అద్దంలో.

కాస్తో కూస్తో నిజం చెప్పింది ఆ అతిథి ప్రవేశం సందేశం ఒక్కటే. మిగతావి అబద్ధాలే. 'నెట్‌వర్క్ పాత్ దొరకలేదు, పేరు స్పెల్లింగ్ సరిచూసుకోండి' అంటుంది ఇంకొకటి, 0ఎక్స్80070035 అనే బిరుదుతో. స్పెల్లింగ్‌ట! ఆ పేరు పెట్టిందెవరు? డెస్క్‌టాప్ అని రాసి, గీత గీసి, పక్కన ఏడు అక్షరాలూ అంకెలూ గుప్పించింది విండోసే కదా. దారి దొరక్కపోవడమూ అబద్ధమే. అవతలి పెట్టె అదే రౌటర్ మీద బుద్ధిగా నడుస్తూనే ఉంటుంది. మన షాపు వైఫైని బస్టాండ్ వైఫై కింద జమకట్టి, 'పబ్లిక్' అని ముద్రవేసి, ఫైర్‌వాల్ షట్టర్ దించేసింది అవతలి విండోస్. ఆ ముక్క చెప్పడానికి నోరు రాదు.

మ్యాక్ దొరగారు వీటన్నిటికీ అతీతులు. వారి దగ్గర చాలాసార్లు కోడు కూడా ఉండదు, అంకెలు వారి అందానికి భంగం. సర్వర్ లేకపోవచ్చు, ఉన్నా ఇప్పుడు పనిచేయకపోవచ్చు అని ఒక నిట్టూర్పు విడుస్తారు, అంతే. ఫైల్ షేరింగ్ మీట నొక్కాక కూడా విండోస్ వాళ్లు లోపలికి రావాలంటే ఇంకో గడప ఉంది. పక్కనున్న చిన్న 'ఐ' గుర్తు నొక్కి, ఆప్షన్స్‌లోకి దిగి, అక్కడ మీ పేరు ముందు టిక్కు పెట్టి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. వీరు ఎవరింటికైనా వెళ్తే మాత్రం అడుగుపెట్టిన ప్రతి ఫోల్డర్‌లో డీఎస్ స్టోర్ అనే ఫైలు ఒకటి వదిలి వస్తారు.

ఉబుంటు భక్తులు నవ్వుకోనక్కర్లేదు. లాగిన్ పాస్‌వర్డ్ ఉంటే చాలదు, ఫైళ్లు షేర్ చేసే సాంబా అనే ప్రోగ్రాముకు వేరే పాస్‌వర్డ్ పెట్టాలి, అదీ నల్లతెర మీద ఆజ్ఞ కొట్టి. షేర్ తెరిచినంత మాత్రాన రాయనిస్తుందా? ఫోల్డర్ అనుమతులు వేరే. పాస్‌వర్డ్ లేని అతిథికి అది పెట్టే పేరు 'నోబడీ'. ఆ మర్యాదలో మాత్రం నిజాయితీ ఉంది. ఎందుకు రాలేదని అడిగితే, మాన్యువల్ చదవలేదా అని భక్తులు ఎదురడుగుతారు.

ఇక పాస్‌వర్డ్ కథ. యజమానికి తెలిసింది నాలుగంకెల పిన్ను. నెట్‌వర్కు మీద ఆ పిన్ను చెల్లదు, మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డే కావాలి. ఆ ఖాతా తెరిచింది సిస్టమ్ రిపేరు కుర్రాడు, వాడి సొంత మెయిల్‌తో. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు.

ఈ గొడవ నిన్నటిది కాదు. ఫైళ్లు పంచుకోవడానికి కంప్యూటర్లు మాట్లాడుకునే ఎస్ఎంబీ అనే పద్ధతి 1980లలో ఐబీఎంలో పుట్టింది, బ్యారీ ఫీగెన్‌బామ్ చేతుల మీదుగా. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని తన తీరున పెంచింది, పెంచిన తీరు పూర్తిగా బయటికి చెప్పలేదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి 1992 ప్రాంతంలో, తీగ మీద అటూ ఇటూ పోయే డేటా పొట్లాలను గమనించి ఆ భాష నేర్చేసుకున్నాడు. అదే సాంబా. పెళ్లిపందిట్లో ఎదురెదురుగా కూచుని మొహం చూసుకోని వియ్యాలవారి మధ్య కబురు మోసే పెద్దమనిషి ఉద్యోగం దానిది. జీతం లేదు, ఏది తేడా వచ్చినా తిట్లు మాత్రం దానికే.

సాటి సర్వర్లకు ఆ సమాచారం ఇవ్వనందుకూ, ఇంకో నేరానికీ కలిపి 2004 మార్చిలో ఐరోపా కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. కోర్టు 2007 సెప్టెంబరులో ఆ తీర్పును ఖాయం చేసింది. ఆ డిసెంబరులో సాంబా వాళ్లు 10,000 యూరోలు కట్టి కాగితాలు చేతికి తెచ్చుకున్నారు. మాట్లాడుకోవడం చేతకాక కాదు, ఇష్టంలేక మాట్లాడలేదని ఇంతకంటే రుజువేం కావాలి? ఆపిల్ తక్కువ తిందా? సాంబా కొత్త లైసెన్సు షరతులు గిట్టక 2011లో దాన్ని మ్యాక్ నుంచి తీసేసి సొంతంగా రాసుకుంది. రాసుకున్నవారూ రాసుకోనివారూ హాయిగానే ఉన్నారు, మన వినాయకుడే వాట్సాప్‌లో తిరుగుతున్నాడు.

ఫైలు పేరులో కూడా పేచీయే. పాత మ్యాక్ డిస్కులు ఐత్వాన్ని ఒకే ముక్కగా ఉంచేవి కావు, ఎత్వాన్నీ దాని కింది గుర్తునూ విడదీసి రెండు సంకేతాలుగా దాచేవి. 'శైలజ' ఫైలును అక్కడ జిప్ చేసి లినక్స్ పెట్టెలో విప్పితే, అప్పటికే అక్కడ శైలజ ఉందనుకోండి, ఇద్దరు శైలజలు పక్కపక్కనే నిలబడతారు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు. ఏ శైలజ కార్డులో ముహూర్తం సరిదిద్దామో పెళ్లివారే తేల్చుకోవాలి.

భద్రత కోసమే ఇదంతా అంటారు. ఒప్పుకుంటాను, అందులో న్యాయముంది. 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఈ ఎస్ఎంబీ తొలి రూపంలోని కన్నం గుండానే పాకింది. బ్రిటన్ ఆసుపత్రులు మూలనపడ్డాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. రెండు నెలల ముందే మందు విడుదలైనా వేసుకోనివాళ్లు వేసుకోలేదు. ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఎస్ఎంబీ 1ను మానిపించడం మొదలైంది. మంచి పనే. ఎక్స్‌పీకి ఆ ఒక్క భాషే వచ్చు కనుక అది మూగదైంది. అదీ భరిద్దాం. ఆ మాటేదో తెరమీద సూటిగా చెప్పి చావొచ్చుగా!

ప్రింటర్ల వైపు న్యాయం ఇంకా విచిత్రం. 2021 వేసవిలో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో 'ప్రింట్‌నైట్‌మేర్' అనే పెద్ద కన్నం బయటపడింది. పూడ్చడానికి ప్యాచ్ మీద ప్యాచ్ వేశారు. సెప్టెంబరు ప్యాచ్ వచ్చేసరికి కన్నం సంగతేమో గానీ ఎన్నో ఆఫీసుల్లో షేర్ చేసిన ప్రింటర్లు 0ఎక్స్0000011బి అని రాసి పడకేశాయి. అప్పుడు ఊరూరా వెలిసిన వైద్యం ఏమిటో తెలుసా? రిజిస్ట్రీలోకి వెళ్లి ఒక విలువను సున్నా చేయడం, అంటే వేసిన రక్షణను విప్పేయడం. లేదా అప్‌డేట్‌నే పీకేయడం. మన సిస్టమ్ కుర్రాళ్ల పెన్‌డ్రైవ్‌లలో ఆ పని చేసే బ్యాట్ ఫైలు ఇప్పటికీ ఉంటుంది. డబుల్ క్లిక్, మూడొందలు. తలుపుకు పెద్ద తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో చెప్పకపోతే జనం గొళ్లెం ఊడబెరుకుతారు. ఆ పాపం జనానిది అనడానికి నాకు నోరు రావడం లేదు.

అందుకే ఈ ముగ్గురు పెద్దలకూ ఒకటే విన్నపం. వద్దంటే వద్దనండి, మీ ఇష్టం. కానీ వద్దంటున్నది మీరేనని మీ పేరుతో చెప్పండి. 'అవతలి యంత్రం పాత భాష మాట్లాడుతోంది, ప్రమాదమని నేనే ఆపాను' అనడానికి ఒక్క వాక్యం చాలు. స్పెల్లింగ్ చూసుకోమనడం, లేని అడ్మినిస్ట్రేటర్ దగ్గరికి తోలడం ఇక మానండి.

వాళ్లు వినేలోగా, చదువరీ, మీ పని మీరు చూసుకోండి. ఎక్స్‌పీ పెట్టెకున్న రౌటర్ తీగ పీకేయండి, దానికోసం ఎస్ఎంబీ 1 తెరుస్తానన్న కుర్రాడికి టీ ఇచ్చి పంపేయండి. ఖాతా మీ సొంత మెయిల్ మీదే తెరిపించి, పాస్‌వర్డ్ లెక్కల పుస్తకంలో రాసుకోండి. ఈసారి ప్రింటర్ కొనేటప్పుడు యూఎస్‌బీ ఒక్కటే ఉన్నది వద్దు. నేరుగా రౌటర్‌కు తగిలించేది, ఐపీపీ అనే ప్రింటింగ్ భాష తెలిసినది అడిగి కొనండి. దానికి మ్యాకూ, ఉబుంటూ, కొత్త విండోసూ ఎవరికి వారే పని పంపుకుంటాయి, మధ్యలో ఏ కంప్యూటర్ అనుమతీ అక్కర్లేదు.